నలుబది రెండవనాడు



కార్తికమాసము ప్రవేశించినది మొదలు నందిగామ బస్టాండులోను జగ్గయ్యపేట బజారులోను మనుష్యుల రంగు మారును. నిన్నటిదాక లుంగీ పైకి మడిచికట్టి సుత్తితో లారీటైరు కొట్టి గాలి చూచుకొనుచుండిన డ్రైవరు నేడు నల్లపంచెతో, మెడలో తులసిపూసల మాలతో కనబడును. మిర్చిచేనికి మందు కొట్టి వచ్చిన రైతు స్నానముచేసి ఎఱ్ఱవస్త్రములు ధరించి భవానీ యగును. శబరిమలకు పోవు అయ్యప్పలు, బెజవాడ ఇంద్రకీలాద్రికి పోవు భవానీలు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మతల్లి పేర దీక్ష పట్టువారు, వీరిలో మోక్షకాములెందరో, పిల్లల చదువులకొరకు మ్రొక్కుకొన్నవారెందరో నేను చెప్పజాలను గాని, ఇంట తల్లియు భార్యయు పోరగా పోరగా, త్రాగుడు బారినుండి నలుబది యొక్క దినములైనను తప్పించుకొనవలెనని మాల వేసికొనువారు ప్రతి వీధిలోను కొందరుందురని ఈ మెట్టసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ‘మాల వేస్తేగాని వాడు మానడు’ అను మాట మన యిండ్లలో వైద్యుని సలహావలె చెల్లుబడి యగుచున్నది. ఆ మాటలో నిజమెంత, ఆ నిజము ఎన్నాళ్లు నిలుచును అను సంగతి నేడు కొంత ముచ్చటించెదను.

త్రాగుబోతు మనస్సు బలహీనమనియు, దైవము దానికి బలమిచ్చుననియు సాధారణముగ ఉపన్యాసకులు చెప్పుదురు. నాకట్లు తోచదు. తెల్లవారుజామున, అంగళ్లన్నియు మూసియుండగా, చేతిలో కాసు లేక, కాలు నిలువక, ఏ సందులోని బెల్టుషాపు తలుపు ఎన్నిమారులు తట్టిన తెఱచుకొనునో తెలిసి, అరువు పుట్టించి, క్వార్టరుసీసా సంపాదించు మనుష్యుని పట్టుదల సామాన్యమైనది కాదు. ఆ పట్టుదలలో నాల్గవపాలు ఉన్నచో మనలో పెక్కుమంది ఇంకను గొప్ప ఉద్యోగములు చేసియుందుము. వానికి లోపించినది బలము కాదు. పదుగురిలో వానికొక చోటు లేకపోయెను; సాయంకాలము ఏడుగంటలకు పోదగిన ఇంకొక తావు లేకపోయెను. మాల చేయు మేలు ఈ రెండింటియందే కలదని నా అభిప్రాయము.

రహదారి ప్రక్క లారీలు ఆగు టీకొట్టువద్ద ఇది కన్నులార చూడవచ్చును. నిన్నటివఱకు ఆ కొట్టువాడు ‘ఒరే, పాత బాకీ తీర్చు ముందు’ అని కసరుకొన్న మనుష్యుడే నేడు నల్లపంచెతో వచ్చి బల్లకు దూరముగ నిలుచును. కొట్టువాడు గాజుగ్లాసు ప్రక్కకు పెట్టి, పైవరుసలోని స్టీలుగ్లాసు తీసి, మరగునీటితో రెండుమారులు తొలిచి, ‘స్వామీ, టీయా, పాలా?’ అనును. బల్లమీది కుఱ్ఱవాళ్లు కాల్చుచున్న సిగరెట్లను వీపువెనుకకు త్రిప్పుకొందురు. ఇంటికి పోగా భార్య ‘స్వామీ, భిక్ష సిద్ధమైంది’ అనును. పదియేండ్ల కొడుకు సైతము తండ్రిని స్వామీయనియే పిలువవలెను, తండ్రియు కొడుకును స్వామీయనియే బదులు పలుకవలెను. ఎన్ని యేండ్లుగనో తిట్లకును వేడికోళ్లకును తప్ప మఱి దేనికిని తెఱపి లేని ఆ యింటిలో, సంపాదింపకమునుపే ఒక గౌరవము అరువుగ వచ్చిపడినది. అరువు తెచ్చుట అలవాటైన మనుష్యుడే గాని ఈ అరువు తీర్చవలెనను తపన వానికిదివఱకు కలిగియుండలేదు.

ఇక ఆ ఏడుగంటల వేళ. త్రాగుడు మానినవారిలో ఎవరి నడిగినను ఈ సంగతియే చెప్పుదురు: ప్రొద్దు చకచక గడచిపోవును, సందెచీకటి పడు గడియ గడవదు. లోడు దింపి, కూలి చేతబడి, ఒళ్లు నొచ్చి, తోడివారు ‘రారా, ఒక కటింగు’ అని పిలుచు ఆ సమయమునకే దీక్షలో చన్నీటి స్నానము, దీపారాధన, శరణుఘోష, ఎవరో ఒకరి యింట పడిపూజ పెట్టిరి మన పెద్దలు. వారు మద్యవ్యసనమును గూర్చి శాస్త్రము చదివి యిట్లేర్పఱచిరని నేననను. కాని ఏ గడియ ప్రమాదమైనదో ఆ గడియను ఖాళీగ నుంచకుండుటయే చికిత్సలో సగమని నేటి మానసికవైద్యులును ఒప్పుకొందురు.

ఇచ్చట భక్తులు ఆగ్రహింపకుందురుగాక, ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఏండ్లతరబడి ప్రతిదినము, ఉదయము లేచినది మొదలు త్రాగుచుండినవాడు ఒక్కసారిగ మానుట శరీరమునకు చిన్న విషయము కాదు. కడపటి గ్రుక్క పడిన కొన్ని గంటలకే చేతులు వణకును, చెమటలు పోయును, నిద్ర రాదు. మొదటి రెండుదినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములు గడచునప్పటికి కొందరికి లేని పురుగులు ఒంటిమీద ప్రాకినట్లును, లేని మనుష్యులు గుమ్మమున నిలిచినట్లును కానవచ్చును. మాల వేసికొన్న మూడవనాడు అట్లు కేకలు వేయువానిని చూచి ‘స్వామి పూనినాడు’ అని హారతి పట్టిన తావులు లేకపోలేదు. అది పూనకము కాదు, ప్రాణాపాయము. వైద్యులు దానికి మందులిత్తురు, థయమిన్ అను బి1 విటమిన్ ఎక్కించెదరు, నాలుగైదు దినములలో గండము గడచును. కావున తెలివిగల గురుస్వామి ‘ముందు ఆసుపత్రికి పోయి, ఒళ్లు కుదుటబడినపిదప రండి, మాల వేసెదను’ అనును. అట్టి గురుస్వామి దొరకిన ఆ కుటుంబము అదృష్టవంతము. త్రాగుడు మాన్పునని, కూరలో తెలియకుండ కలిపి పెట్టుమని అమ్ము పొడులను గూర్చి ఒక్కమాటయే చాలును: కొనకుడు. అందులో ఏమున్నదో అమ్మువాడు చెప్పడు, తిన్నవానికి తెలియదు. మద్యముతో సరిపడని మందు అందులో నున్నచో, తెలియక త్రాగినవాని గుండె ఆగవచ్చును.

మాల తీయునాటి కథ మఱియొకటి. ఇంద్రకీలాద్రిపై ఇరుముడి సమర్పించి, హోమగుండమున నేతికొబ్బరికాయ వేసి, మెడలోని మాల తీసి బస్సెక్కిన భవానీకి నందిగామ ఇంచుమించు ఏబది కిలోమీటర్లు. ఆ ఏబది కిలోమీటర్లలో రహదారి ప్రక్క ఎన్ని మద్యపుదుకాణముల దీపములు కనబడునో లెక్కించుట కష్టము. అయ్యప్పల పరిస్థితి ఇంకను చిత్రము. మకరజ్యోతి సాధారణముగ జనవరి 14 నాటిది. అది దర్శించి కొండదిగి, రైలెక్కి, ఇల్లు చేరునప్పటికి కనుమ. ఊరంతయు వేట తెగి, కోడిపందెముల బరులు సిద్ధమై, దూరమునుండి వచ్చిన బావమఱదులు సీసాలు తెఱచి, ‘మాల తీసేశావుగా బావా, ఇక అడ్డమేముంది!’ అని పిలుచునది సరిగ ఆనాడే. మండలకాలము స్వామీ యనిపించుకొన్నవాడు మఱల ‘ఒరే’ యగును. టీకొట్టులో స్టీలుగ్లాసు పైవరుస కెక్కును. అరువుగ వచ్చిన గౌరవము గడువు తీరగానే తిరిగిపోయినది. దానితోకూడ వానిని నిలిపిన చన్నీటి స్నానము, సాయంకాలపు గుంపు, పేరు పెట్టి పిలుచు గురుస్వామి, అన్నియు ఒక్కనాటిలోనే పోయినవి. అప్పుడు వాడు త్రాగినచో వాని భక్తి దొంగభక్తియని నిందించుట మనకు సులభము. వాని భక్తిలో లోపము లేదు. ఒడంబడికలోనే గడువుతేది యున్నది. నలుబది యొక్క దినములు మానెదనని దేవునితో చెప్పెను, మానెను. నలుబది రెండవదినమును గూర్చి దేవుడును అడుగలేదు, వాడును చెప్పలేదు.

మఱి గడువు లేని వ్రతము పట్టవచ్చునుగదా యందురా? జన్మలో ముట్టనని పిల్లలమీద చేయివేసి ఒట్టుపెట్టుకొనుట మనవారికి క్రొత్త కాదు. ఆ ఒట్టు బరువే దాని శత్రువు. జన్మంతయు అనునది మోయదగిన బరువు కాదు. ఒక్కసారి జాఱెనా, జన్మమే జాఱినట్లెంచి సీసా సాంతము చేయును, ఒట్టు తప్పిన అవమానము ఇంకొక సీసాకు కారణమగును. నలుబది యొక్క దినములు చాలవు, జన్మ మోయరాదు. ఈ చిక్కును విడదీసిన ఉపాయము, తమాషాగ, జగ్గయ్యపేట దిబ్బలోనే పూడియుండెను.

ఊరిప్రక్క ధనబోడుమీద ప్రాచీన బౌద్ధస్తూప మొకటి యున్న సంగతి మీలో అనేకు లెఱుగుదురు. పురావస్తు పరిశోధకుడైన బర్గెస్ దొర 1882 లో దానిని త్రవ్వించెను. ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని నాటి శాసనమందు సిద్ధార్థుడను శిల్పి ఒకడు అచ్చట అయిదు ఆయకస్తంభములు నిలిపినట్లున్నది. రాజు కాదు, సేటు కాదు, ఉలిపట్టిన పనివాడు. ఆ శిల్పియు వాని తోడి ఉపాసకులును పాటింపవలసిన పంచశీలములలో అయిదవది మత్తు కలిగించు సురామేరయములను విడుచుట. అందు గమనింపదగిన విశేషమేమనగా, ఉపాసకుడు ఆ శీలమును జన్మలో ఒక్కసారి గ్రహించి ఊరకుండడు. పున్నమకును అమావాస్యకును, ఉపోసథదినములందు, భిక్షువు ఎదుట మోకరించి మఱల గ్రహించును. తప్పినవాడును తప్పనివాడును ఒకే వరుసలో కూర్చుండి ఒకే మాటలు పలుకుదురు. నిన్నటిది తప్పినను నేటిది క్రొత్తగ మొదలగును. ఆ దిబ్బమీద కూలిన ఇటుకలలో నాకు శిల్పసౌందర్యముకంటె ఈ ఏర్పాటే ఎక్కువ ముచ్చట గొలుపును.

ఇదే ఉపాయము సముద్రముల కావల, మఱియొక దేశమున, మఱియొక మతమువారి నడుమ మఱల పుట్టినది. 1935 మే మాసమున బిల్ విల్సన్ అను న్యూయార్కు షేర్ల వ్యాపారి పనిమీద ఒహాయో రాష్ట్రపు ఆక్రన్ నగరమునకు పోయెను. త్రాగుడుచేత సర్వస్వమును పోగొట్టుకొని, ఆసుపత్రిలో ఒక దివ్యానుభూతి కలిగి, మానివేసి అప్పటికి ఇంచుమించు అయిదు మాసములు. వచ్చిన పని చెడిపోయినది. హోటలు వసారాలో ఒంటరిగ నిలిచియున్నాడు. ఒకవైపు మద్యశాలనుండి నవ్వులు వినవచ్చుచున్నవి, మఱియొకవైపు టెలిఫోను, దాని ప్రక్క ఊరిలోని చర్చీల పట్టిక. అతడు టెలిఫోను తీసెను. దేవుని మ్రొక్కుటకు కాదు సుమండీ, తనవంటి త్రాగుబోతు ఊరిలో ఎవడైన నున్నచో తనను వానియొద్దకు చేర్పుమని అడుగుటకు. అట్లు కలిసినవాడు శస్త్రవైద్యుడైన డాక్టరు బాబ్ స్మిత్. ఆ డాక్టరు కడపటిసారి త్రాగిన జూన్ 10, 1935 నాటినే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమువారు తమ జన్మదినముగ జరుపుకొందురు. ఆ సంఘము 1957 నాటికి మన దేశమునకును వచ్చినది. మన తెలుగు పట్టణములలోను వారి సమావేశములు జరుగుచున్నవి. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు, మానవలెనను కోరిక యొక్కటి యున్న చాలును.

వారి నియమములలో రెండు నాకు మిక్కిలి నచ్చినవి. జన్మలో త్రాగనని ఎవరును ఒట్టుపెట్టుకొనరు. నేటికి త్రాగనని మాత్రము అనుకొందురు, రేపు మఱల అనుకొందురు. రెండవది, భగవంతుడెవరో సంఘము చెప్పదు. తమకంటె గొప్పశక్తి యొకటి కలదని నమ్మిన చాలును. ఆ శక్తిని ఎవరికి తోచిన రూపమున వారు తలచుకొనవచ్చును. మొదటి సభ్యులలో నాస్తికులును కొందరుండి, గట్టిగ పోరి, ఈ వెసులుబాటు సాధించిరి. వారి పోరాటమువలననే ఆ పద్ధతి చర్చిగోడలు దాటి వచ్చినదనవచ్చును. నమ్మికలేనివాడు ఆ గుంపునే, పదిమంది కలిసి పట్టియుంచు ఆ పట్టునే, తనకంటె గొప్పశక్తిగ నెంచుకొన్నను కాదనువారు లేరు.

ఇది కేవలము భక్తుల మాటయేనా యని అడుగువారికి సమాధానమున్నది. 2020 లో కాక్రేన్ సంస్థవారు ఈ విషయముపై జరిగిన 27 పరిశోధనలను, అందు పాల్గొన్న 10,565 మందిని గూర్చిన సమాచారమును కలిపి పరిశీలించి, పూర్తిగ మానియుండుట అను ఒక్క ఫలితమునుబట్టి చూచినచో, ఆ సంఘముతో కలిపెడు చికిత్స తక్కిన ప్రసిద్ధ మానసికచికిత్సలకు తీసిపోదనియు, కొన్నింటికంటె మెరుగుగ నున్నదనియు తేల్చిరి. భగవంతుడు చేసెనా, గుంపు చేసెనా అని అందు విడదీసి చెప్పలేదు. విడదీయుట సాధ్యమని నేనును తలపను.

మన పల్లెలలో ఈ పద్ధతికి దగ్గఱగ వచ్చినవి మఱి రెండున్నవి. మసీదులో రోజునకు అయిదుమారులు వరుసలో నిలువవలసినవాడు మత్తులో నిలువరాదు. గడువు కొన్నిగంటలే, మఱల పిలుపు వచ్చును. క్రైస్తవపల్లెలలో వారమువారము గుడికి రానివానిని సంఘపెద్ద యింటికి పోయి అడుగును. దోర్నకల్ పీఠమునుండి పనిచేసి, 1912 లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పయిన అజరయ్యగారు మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని పల్లెక్రైస్తవుల ప్రబలశత్రువులుగ నెంచి పోరాడిరి. ఆ నాల్గింటిని ఆయన ఒకే జాబితాలో చేర్చుట యోచింపదగినది. ఇక మన గ్రామదేవతల సంగతి దాచి లాభము లేదు. పోతరాజునకు కల్లుసాక పోయువారము మనమే. జాతరలో ప్రభ ముందు తూలి నడచువాడు భక్తుడు కాడనలేము. విశ్వాసము త్రాగుడు మానిపించునని చెప్పువారు, అదే విశ్వాసము పండుగపేర సీసా తెఱపించుటను గూడ ఒప్పుకొనవలెను.

ప్రభుత్వమువారు శాసించి మానిపింపరాదా యనినచో, ఈ సరిహద్దుసీమకు ఆ చరిత్ర బాగుగ తెలియును. మద్రాసు రాష్ట్రమున 1948 నాటికి నిషేధము పూర్తియైనది. పొలిమేర దాటిన నైజాము రాజ్యము, అచ్చట అబ్కారీ. 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గము నిషేధముపై వచ్చిన వివాదమువలననే ఒక్క ఓటు తేడాతో కూలినది. దూబగుంట స్త్రీలు రేపిన నిప్పు 1993 లో సారా నిషేధముగను, 1995 జనవరిలో సంపూర్ణనిషేధముగను పరిణమించి, 1997 లో చల్లారినది. ఆ మధ్య ఇవతల ఆంధ్రలో ధర పెరిగినప్పుడు అవతలి తెలంగాణ సీసాలు గరికపాడు చెక్‌పోస్టు దాటుటకు పడిన పాట్లు పత్రికలలో చదివితిమి. 2024 అక్టోబరులో ఇవతలనే తొంబది తొమ్మిది రూపాయల క్వార్టరు వచ్చినది, ఆ పాట్లును తీరినవి. దుకాణము అడుగడుగునను తెఱచి, మానువాని బరువంతయు అయ్యప్పమీదను అమ్మవారిమీదను వేయుట న్యాయము కాదని నేననుకొందును. అయినను రేపటి ఉత్తర్వు వచ్చువఱకు నేటి సాయంకాలము ఆగదు.

కావున మాల వేసికొను సోదరులకు, వేయు గురుస్వాములకు నా మనవి విరమణను గూర్చినది. మాల తీయుట మాననక్కరలేదు, దానికి విధి యున్నది. కాని ఆనాటి సాయంకాలమే, కనుమయైనను సరే, పడిపూజలో కూర్చున్న గుంపులో ముగ్గురు నలుగురు మఱల కలిసికొనుట కేమి యడ్డము? గుడిమెట్లమీద కావచ్చును, లారీ క్యాబిన్‌లో కావచ్చును. ‘నేడు ముట్టలేదు’ అని ఒకరితో నొకరు చెప్పుకొని, ముట్టినవాడు ముట్టితినని చెప్పి, వానిని వెలివేయక రేపు మఱల రమ్మనుట. అంతకుమించి శాస్త్రము లేదు. గురుస్వామి మండలకాలము స్వామీయని పిలిచినవానిని మాఘమాసమున పెనుగంచిప్రోలు తిరునాళ్లలో చూచినప్పుడును అట్లే పిలిచినచో ఏ ఆగమమును కాదనదు. భార్య పసుపుగుడ్డలో కట్టి దేవునిపటము వెనుక దోపిన ముడుపురూపాయి ఏడాదికొకటి యగుటకంటె, చెఱగున ముడివేసిన దినమునకొక గింజ యగుట మేలేమో ఆ యింటి యిల్లాండ్రే ఆలోచింతురుగాక.

మొదటి దినములలో వణకు, మూర్ఛ, భ్రాంతి కనబడినచో మాత్రము గుడికి కాదు, ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. త్రాగుడు మానుటకు సలహా కావలసినవారు 14446 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును; మనోవ్యాకులతకు టెలిమానస్ వారి సంఖ్య 14416. రెండింటికిని రుసుము లేదు. త్రాగువారే చేయనక్కరలేదు, భార్యయైనను బిడ్డయైనను చేయవచ్చును.